మున్సిపల్ చైర్‌పర్సన్ బాధ్యతలు: చిన్న పట్టణాన్ని నడిపించే క్రమం, తొలి వారం నుంచి చివరి ఏడాది వరకు

కొత్తగా ఎన్నికైన చైర్‌పర్సన్లు, కౌన్సిలర్లు తరచుగా అడిగేది ఒక్కటే: నా చేతిలో నిజంగా ఉన్న అధికారం ఎంత, దేనితో మొదలుపెట్టాలి? ఆ ప్రశ్నకు జవాబుగా, పనులను చేయవలసిన వరుసలోనే కింద వివరిస్తున్నాను.

కార్పొరేషన్‌లో ఈ పదవిని మేయర్ అంటారు. మున్సిపాలిటీలో, నగర పంచాయతీలో చైర్‌పర్సన్ అంటారు. ఇక్కడి సూచనలు ప్రధానంగా లక్ష లోపు జనాభా ఉన్న తెలుగు పట్టణాలకు సంబంధించినవి. ఆంధ్రప్రదేశ్‌లో 1965 నాటి మున్సిపాలిటీల చట్టం, తెలంగాణలో 2019 నాటి మున్సిపాలిటీల చట్టం వర్తిస్తాయి. రెండింటికీ సవరణలు వస్తూనే ఉంటాయి కనుక, సవరణలతో కూడిన తాజా ప్రతి ఒకటి మీ బల్ల మీద ఎప్పుడూ ఉండాలి.

1. మీ అధికారం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ముందుగా తెలుసుకోండి

పాలన యంత్రాంగానికి అధిపతి కమిషనర్. సిబ్బందికి పని పురమాయించడం, నోటీసులు జారీ చేయడం, పన్ను వసూలు, బిల్లుల చెల్లింపు ఆయన లేదా ఆమె పని. విధానాన్ని నిర్ణయించి, బడ్జెట్‌ను ఆమోదించి, తీర్మానాలు చేసేది కౌన్సిల్. ఆ కౌన్సిల్‌ను సమావేశపరచి, అధ్యక్షత వహించి, చేసిన తీర్మానం అమలైందో లేదో చివరిదాకా వెంటపడి చూసుకోవలసిన వ్యక్తి చైర్‌పర్సన్.

ఈ పదవిలో సంతకం పెట్టే అధికారం తక్కువ, అడిగే అధికారం ఎక్కువ. ఫైలు తెప్పించుకుని చూడవచ్చు, పని జరిగే చోటికి వెళ్లి తనిఖీ చేయవచ్చు, ఏ అంశాన్నైనా అజెండాలో పెట్టించి నిండు సభలో అధికారి చేత జవాబు చెప్పించవచ్చు. దీన్ని చిన్న అధికారంగా భావించి పక్కన పెట్టి, పారిశుధ్య జవాన్లను, పన్ను వసూలు చేసే బిల్ కలెక్టర్లను నేరుగా ఫోనులో ఆదేశించడం మొదలుపెట్టిన చైర్‌పర్సన్‌కు ఆరు నెలలు తిరిగేసరికి కమిషనర్‌తో వైరం మిగులుతుంది, పని మాత్రం కదలదు.

1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, 12వ షెడ్యూలులో 18 అంశాలను పురపాలక సంఘాలకు ఉద్దేశించింది. అయితే వాటిలో ఏవి, ఎంతమేరకు అప్పగించాలో నిర్ణయించే వీలు 243డబ్ల్యు అధికరణం రాష్ట్రాలకే వదిలింది. అగ్నిమాపక సేవలు ఆ షెడ్యూలులో ఉన్నా, మన రెండు రాష్ట్రాల్లోనూ వాటిని రాష్ట్ర ప్రభుత్వ శాఖే నడుపుతోంది. విద్యుత్తు సంగతి పంపిణీ సంస్థలైన డిస్కంలది. ప్రజలు మాత్రం అన్నిటికీ మీ గుమ్మమే తొక్కుతారు కనుక, ఏది ఎవరి పనో ఒక కాగితం మీద రాసి పెట్టుకోవడం అవసరం.

మీరు చేయవలసినవి:

- కౌన్సిల్ సమావేశాన్ని నెలకు ఒక్కసారైనా జరపడం, అధ్యక్షత వహించడం
- ఓట్లు సమానమైనప్పుడు నిర్ణాయక ఓటు వేయడం
- రికార్డులు చూడడం, పనులు తనిఖీ చేయడం, గమనించినవి కమిషనర్‌కు లిఖితపూర్వకంగా తెలియజేయడం
- ఎమ్మెల్యే, ఎంపీ, కలెక్టర్, ఇతర శాఖల దగ్గర పట్టణం తరఫున మాట్లాడడం

మీరు చేయకూడనివి:

- సిబ్బందికి మౌఖికంగా ఆదేశాలివ్వడం
- ఒక ఇంటికి పన్ను తగ్గించమనో, ఒక కట్టడం జోలికి వెళ్లవద్దనో ఫోనులో చెప్పడం
- మీకు గానీ మీ కుటుంబానికి గానీ ప్రయోజనం ఉన్న కాంట్రాక్టు మీద చర్చలో కూర్చోవడం. కౌన్సిల్ పనుల్లో వాటా ఉన్నట్టు తేలితే సభ్యత్వానికే ముప్పు

ఇంకొక మాట ఇక్కడే చెప్పాలి. మహిళలకు మూడో వంతుకు తగ్గకుండా స్థానాలు కేటాయించాలని రాజ్యాంగమే చెప్పిన తర్వాత కూడా, చైర్‌పర్సన్ గదిలో ఆమె భర్త గానీ కుమారుడు గానీ కూర్చుని అధికారులతో సమీక్షలు జరిపే పద్ధతి చాలాచోట్ల కనిపిస్తుంది. అది చట్టం ముందు నిలవదు. మొదటి రోజే "సమీక్షలో నేను ఉంటాను, నేనే మాట్లాడతాను" అని ఇంట్లోనూ, కార్యాలయంలోనూ స్పష్టం చేయండి. తొలి వారంలో మొహమాటపడితే తర్వాత సరిదిద్దడం చాలా కష్టం.

2. తొలి పదిహేను రోజుల్లో తెప్పించుకోవలసిన కాగితాలు

సన్మానాలు, శాలువాలు ఎలాగూ ఉంటాయి. వాటి మధ్యలోనే కమిషనర్‌కు ఒక లేఖ రాసి కింది వివరాలు అడగండి. నోటితో అడిగితే నోటితోనే జవాబు వస్తుంది.

- గత మూడేళ్ల ఆదాయ, వ్యయ పట్టిక. బ్యాంకు ఖాతాల వారీగా నిల్వ
- చెల్లించవలసిన బిల్లుల జాబితా: గుత్తేదారులకు, విద్యుత్తు సంస్థకు, సరఫరాదారులకు
- ఆస్తి పన్ను డిమాండ్, వసూలు, బకాయి వార్డుల వారీగా. అతిపెద్ద వంద బకాయిదారుల జాబితా
- మున్సిపల్ దుకాణాల జాబితా, ఒక్కొక్కదాని అద్దె, లీజు ముగిసే తేదీ
- రెగ్యులర్, పొరుగుసేవల సిబ్బంది జాబితా, ఎవరు ఏ వార్డులో పనిచేస్తున్నారు
- నడుస్తున్న పనులు, ఆగిన పనులు, ఎందుకు ఆగాయి
- చివరి ఆడిట్ నివేదికలోని అభ్యంతరాలు
- కోర్టు కేసులు, వాటి తదుపరి వాయిదా తేదీలు
- మున్సిపాలిటీ పేరిట ఉన్న స్థలాల రిజిస్టరు

ఇవన్నీ వచ్చాక ముందుగా చూడవలసింది చెల్లించవలసిన బిల్లుల మొత్తం. అది ఏడాది సొంత ఆదాయంలో సగం దాటితే, కొత్త పనుల హామీలు ఇవ్వకుండా నోరు కట్టుకోవడం మంచిది. ఆడిట్ అభ్యంతరాలు చదవడానికి విసుగు పుట్టించినా, డబ్బు ఎక్కడ కారిపోతున్నదో అంత నిర్మొహమాటంగా చెప్పే కాగితం కార్యాలయంలో మరొకటి ఉండదు.

3. పట్టణాన్ని వార్డు వారీగా నడిచి చూడండి

కాన్వాయ్‌తో తిరిగితే కడిగిన వీధులే కనిపిస్తాయి. ఉదయం ఐదున్నరకు, ఆ వార్డు కౌన్సిలరు, వార్డు సిబ్బంది, ఒక ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు), శానిటరీ ఇన్‌స్పెక్టర్‌తో కలిసి కాలినడకన వెళ్లండి. ప్రతిపక్ష కౌన్సిలరు వార్డుకు కూడా అంతే శ్రద్ధగా వెళ్లాలి; మొదటి రెండు వారాల్లోనే వెళితే సభలో వాతావరణం సగం చల్లబడుతుంది.

ప్రతి వార్డులో చూడవలసినవి:

- ట్యాంకుకు అతిదూరంగా ఉన్న చివరి కుళాయిలో నీళ్లు ఎంతసేపు వస్తున్నాయి
- పెద్ద కాలువలో నీరు ఏ దిక్కుకు పారుతోంది, ఎక్కడ ఆగుతోంది
- చెత్త బండి ఏ గంటకు వచ్చి ఏ సందు దగ్గర ఆగిపోతోంది
- పాఠశాల, అంగన్‌వాడీ చుట్టూ నిలిచిన నీరు
- పబ్లిక్ టాయిలెట్ తలుపు, గొళ్లెం, నీటి కనెక్షన్
- వెలగని వీధి దీపాల స్తంభాల నంబర్లు

చూసినదాన్ని అక్కడికక్కడే ఒక పుస్తకంలో రాసి, మర్నాడు కమిషనర్‌కు పంపండి. ప్రతి అంశం పక్కన "ఎవరు, ఎప్పటిలోగా" అనే రెండు గడులు ఉండాలి. నెల తర్వాత అదే పుస్తకంతో అదే వార్డుకు వెళ్లాలి. రెండోసారి వెళ్లే ఉద్దేశం లేకపోతే మొదటిసారి వెళ్లకపోవడమే మేలు.

4. కౌన్సిల్ సమావేశాన్ని సక్రమంగా నడపండి

చైర్‌పర్సన్ పనితనం తేలేది ఇక్కడే. పదిహేను నిమిషాల్లో నలభై అంశాలను "ఆమోదించడమైనది" అంటూ చదివి ముగించే సభలు, మూడు గంటలు అరుచుకుని ఒక్క తీర్మానమూ లేకుండా లేచిపోయే సభలు, రెండూ పట్టణానికి నష్టమే.

సమావేశానికి ముందు. ముసాయిదా అజెండాను కమిషనర్, విభాగాధిపతులతో కలిసి వారం ముందే చదవండి. ప్రతి అంశం గురించి నాలుగు ప్రశ్నలు వేయండి: ఎంత ఖర్చు, ఏ పద్దు నుంచి, ఎందుకు ఇప్పుడే, అంచనా ఎవరు తయారు చేశారు. జవాబు లేని అంశాన్ని తర్వాతి నెలకు వాయిదా వేయించండి. చట్టం చెప్పిన గడువులోగా అజెండా ప్రతి సభ్యునికీ, పదవి రీత్యా (ఎక్స్ అఫీషియో) సభ్యులైన ఎమ్మెల్యే, ఎంపీలకూ చేరినట్టు సంతకం తీసుకోవాలి.

టేబుల్ అజెండాతో జాగ్రత్త. సభ మొదలయ్యాక బల్ల మీదికి వచ్చే అంశాలను ఎవరూ చదవరు, అందుకే కొన్ని అంశాలు ప్రత్యేకించి ఆ దారిలో వస్తాయి. నిజమైన అత్యవసరం అంటే పగిలిన ప్రధాన పైపు, వరద, అంటువ్యాధి వంటివి. మిగిలినవన్నీ ఒక నెల ఆగగలవు.

రాటిఫికేషన్ అంశాలు. ఖర్చు ముందే జరిగిపోయి, ఆమోదం కోసం తర్వాత వచ్చే అంశాలు ఇవి. ఒక్కొక్కదానికీ ముందస్తు అనుమతి ఎందుకు తీసుకోలేదో కారణం రాయించండి. వీటి సంఖ్య నెలనెలా పెరుగుతుంటే కౌన్సిల్ పేరుకే మిగిలినట్టు లెక్క.

సభలో. మొదటి అంశంగా గత తీర్మానాల అమలు పట్టికను పెట్టండి. తీర్మానం సంఖ్య, తేదీ, బాధ్యుడైన అధికారి, ప్రస్తుత స్థితి అనే నాలుగు గడుల పట్టిక చాలు. ప్రతి నెలా ఆ పట్టికే మొదటగా చదివితే, మూడో నెల నుంచి అధికారులు ముందుగానే జవాబులు సిద్ధం చేసుకుని వస్తారు. అజెండాలో లేని సమస్యలు సభ్యులు లేవనెత్తే జీరో అవర్‌కు నిర్ణీత సమయం పెట్టి, ప్రతి కౌన్సిలరుకూ అందులో కొంత కేటాయించి, గడియారం చూస్తూ నడపండి. మీ పార్టీ వారికి కూడా అదే గడియారం.

అసమ్మతి. వ్యతిరేకించే సభ్యుడు అసమ్మతి పత్రం ఇస్తే తీసుకుని మినిట్స్‌లో (సభ జరిగిన తీరు రాసే పుస్తకంలో) నమోదు చేయించండి. రేపు ఆ తీర్మానం మీద విచారణ జరిగితే, సభలో నిజంగానే చర్చ జరిగిందని చూపించే సాక్ష్యం అదే.

సభ తర్వాత. మినిట్స్ వారంలోపు సిద్ధమై, సభ్యులందరికీ ప్రతులు అందాలి. మినిట్స్ పుస్తకంలో ఖాళీ వరుసలు వదిలితే వాటిని అడ్డగీతతో కొట్టివేయించి, పక్కన పొట్టి సంతకం పెట్టండి. ఖాళీ వరుసలో తర్వాత చేరిన ఒక్క వాక్యం లక్షల రూపాయల వివాదం కాగలదు.

చట్టానికి విరుద్ధమైన తీర్మానాన్ని రద్దు చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. అనుమానం ఉన్న అంశం మీద కమిషనర్ అభిప్రాయాన్ని లిఖితపూర్వకంగా తీసుకున్నాకే ఓటింగుకు పెట్టాలి.

5. డబ్బు లెక్క: సొంత ఆదాయం ముందు, గ్రాంట్లు తర్వాత

చిన్న మున్సిపాలిటీకి సొంత ఆదాయం అంటే ఆస్తి పన్ను, నీటి చార్జీలు, ట్రేడ్ లైసెన్సు రుసుము, ప్రకటనల ఆదాయం, దుకాణాల అద్దెలు, భవన అనుమతి రుసుములు. వీటిలో మొదటిది పెంచడానికి రేటు పెంచనక్కరలేదు. పన్ను పరిధిలోకి రానివాటిని తీసుకురావాలి.

అందుకు ఒక సులువైన దారి ఉంది. డిస్కం నుంచి పట్టణంలోని విద్యుత్ సర్వీసుల జాబితా తీసుకుని, ఆస్తి పన్ను అసెస్‌మెంట్లతో వార్డు వారీగా పోల్చించండి. వాణిజ్య కనెక్షన్ ఉండి ఇంటి పన్ను కడుతున్న భవనాలు, మూడంతస్తులు లేచినా ఒక అంతస్తుకే పన్ను ఉన్నవి, అసలు లెక్కలోనే లేనివి బయటపడతాయి. ఈ పని అన్ని వార్డుల్లో ఒకేసారి జరగాలి. ఒక వార్డులో ముందుగా మొదలుపెడితే అది కక్షసాధింపు అవుతుంది.

ఏప్రిల్ 30 లోగా ఏడాది పన్ను కట్టినవారికి రెండు రాష్ట్రాల్లోనూ 5 శాతం రాయితీ ఇస్తూ వస్తున్నారు. ప్రకటన వచ్చిన వెంటనే ఇంటింటికీ కరపత్రం వేయిస్తే ఏడాది మొదట్లోనే ఖజానాలో డబ్బు కనిపిస్తుంది. పెద్ద బకాయిదారుల్లో ప్రభుత్వ కార్యాలయాలు కూడా ఉంటాయి. వాటి జాబితాను వేరుగా తీయించి కలెక్టర్ సమావేశంలో లేవనెత్తాలి.

దుకాణాల అద్దెలు చాలాచోట్ల మాట్లాడకుండా దాటవేసే విషయం. లీజు ముగిసినా పాత అద్దెకే కొనసాగడం, ఒకరి పేరిట తీసుకుని మరొకరికి ఎక్కువకు ఇవ్వడం మామూలు. జాబితా సభలో పెట్టండి, గడువు ముగిసినవాటికి నిబంధనల ప్రకారం వేలం వేయించండి.

గ్రాంట్ల విషయంలో షరతులు చదవకపోవడమే పెద్ద నష్టం. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పది లక్షల లోపు జనాభా పట్టణాలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యాలకే ముడిపెట్టింది. అలాంటి నిధిని సీసీ రోడ్డుకో, ఆర్చికో మళ్లిస్తే ఆడిట్‌లో నిలదీస్తారు. ప్రతి గ్రాంటుకూ ఒక పేజీలో ఎంత, దేనికి, ఎప్పటిలోగా, వినియోగ ధ్రువపత్రం ఎప్పుడు ఇవ్వాలి అనేవి రాయించి పెట్టుకోండి.

బడ్జెట్ ఆమోదానికి ముందు చూసుకోవలసినవి:

- జీతాలు, విద్యుత్ బిల్లులు, నీటి శుద్ధి రసాయనాలు పోగా మిగిలేది ఎంత
- గత ఏడాది అంచనా వేసిన ఆదాయంలో నిజంగా వచ్చినది ఎంత శాతం
- పాత బిల్లులకు కేటాయింపు ఉందా
- తెలంగాణలో అయితే, చట్టం చెప్పిన 10 శాతం హరిత బడ్జెట్ (మొక్కల పెంపకానికి కేటాయింపు) ఉందా

6. తాగునీరు: చివరి కుళాయి దగ్గర మొదలుపెట్టండి

భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణాలకు కేంద్ర ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు. ఆ లెక్కన 50 వేల జనాభాకు రోజుకు 67.5 లక్షల లీటర్లు కావాలి. భూగర్భ డ్రైనేజీ లేని చోట ప్రమాణం 70 లీటర్లే. ఇంజినీరు "సరిపడా పంపిస్తున్నాం" అన్నప్పుడు పంపిన పరిమాణం, చేరిన పరిమాణం రెండూ అడగండి. మధ్యలో కారిపోయేది, లెక్కలేని కనెక్షన్లకు పోయేది 20 శాతం దాటితే కొత్త బోరు వేయడం కంటే లీకేజీలు మూయడమే చవక.

నాణ్యతకు క్లోరోస్కోప్ ఒకటి చాలు. చిన్న గాజు గొట్టంలో చివరి కుళాయి నీరు పట్టి, రెండు మూడు చుక్కల రసాయనం వేస్తే నీరు పసుపు రంగుకు తిరుగుతుంది. ఆ రంగును పక్కనున్న పట్టీతో పోల్చాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని తాగునీటికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. రంగు మారకపోతే ఆ వీధిలో నీరు సురక్షితమని చెప్పలేం. ఈ పరీక్ష ట్యాంకు దగ్గర చేసి రిజిస్టరు నింపడం తరచూ జరిగే తప్పు. ట్యాంకు దగ్గర ఎప్పుడూ పసుపు రంగే వస్తుంది.

మురుగు కాలువలో మునిగి ఉన్న ఇంటి కనెక్షన్ పైపులను లెక్క తీయించి, వానాకాలం లోపు పైకి లేపించడం అన్నిటికంటే అత్యవసరం. డయేరియా ప్రబలినప్పుడు ముందుగా అనుమానించవలసింది ఆ పైపులనే.

7. చెత్త, మురుగు కాలువలు

చిన్న పట్టణంలో మనిషికి రోజుకు సుమారు 200 నుంచి 400 గ్రాముల చెత్త వస్తుంది. 50 వేల జనాభా ఉంటే 10 నుంచి 20 టన్నులు. డంపింగ్ యార్డు రిజిస్టరులో రోజూ ఒకే అంకె కనిపిస్తే ఎవరూ తూకం వేయడం లేదని అర్థం. వారంలో ఒక రోజు బండ్లన్నిటినీ వేబ్రిడ్జి మీదికి పంపించి నిజమైన అంకె తెలుసుకోండి.

తడి చెత్తను, పొడి చెత్తను ఇంటి దగ్గరే వేరు చేయించడం ఒక్కసారిగా పట్టణమంతా సాధ్యం కాదు. రెండు వార్డులు ఎంచుకుని, బండిలో అడ్డ పలక పెట్టించి, కలిపి ఇచ్చిన ఇంటి చెత్త ఆ రోజుకు తీసుకోకుండా వెనక్కి ఇచ్చే పద్ధతి పెట్టాలి. ఇంటివారు వేరు చేసి ఇచ్చినది బండిలో మళ్లీ కలిసిపోవడం కళ్లారా చూశాక ఎవరూ రెండోసారి వేరు చేయరు. అందుచేత ప్రచారానికి ముందు బండి సిద్ధం కావాలి. రెండు వార్డుల్లో కుదిరాక మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) సంఘాల మహిళల సాయంతో మిగిలినవాటికి విస్తరించండి.

కాలువల పూడికతీత ఏప్రిల్, మే నెలల్లో పూర్తి కావాలి. తీసిన పూడికను కాలువ గట్టునే కుప్పగా పోసి "ఆరాక ఎత్తుతాం" అంటారు. ఆ కుప్పల్లో ప్లాస్టిక్ సంచులు, కొబ్బరి బోండాల డొప్పలు, బురద కలిసి ఉంటాయి; తొలి వానకు మొత్తం జారి మళ్లీ కాలువలోనే పడుతుంది, బిల్లు మాత్రం అప్పటికే చెల్లించి ఉంటుంది. రెండు రోజుల్లోగా ఎత్తి తరలించిన తర్వాతే కొలతలు రాయాలని టెండరు షరతుల్లోనే పెట్టించండి. పని ఎగువన కాకుండా నీరు బయటికి పోయే చివర నుంచి మొదలవ్వాలి.

సెప్టిక్ ట్యాంకుల వాహనాలు ఎక్కడ ఖాళీ చేస్తున్నాయో ఒక రాత్రి కనుక్కోండి. చెరువులోకో, పొలం కాలువలోకో పోతుంటే లైసెన్సు షరతు ఉల్లంఘనగా చర్య తీసుకోమని లిఖితపూర్వకంగా కోరండి.

8. పారిశుధ్య కార్మికుల విషయంలో రాజీ లేనివి

మ్యాన్‌హోల్‌లోకి, సెప్టిక్ ట్యాంకులోకి రక్షణ లేకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. మరణం సంభవిస్తే కుటుంబానికి 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. "ఈ ఒక్కసారికి" అనే మాట మీ పట్టణంలో వినపడకూడదు.

పొరుగుసేవల కార్మికుల జీతాల నుంచి పీఎఫ్ కోస్తారు గానీ ఖాతాలో జమ చేయని ఏజెన్సీలు ఉంటాయి. నెలకోసారి ఏ నలుగురినైనా పిలిచి, వారి ఫోనులో పీఎఫ్ పాస్‌బుక్ తెరిపించి చూడండి. హాజరు పట్టీలో ఉన్న పేర్లు, వీధిలో చీపురు పట్టిన మనుషులు సరిపోతున్నారో తెల్లవారుజామున హాజరు వేసే మస్టరు పాయింట్ దగ్గర నిలబడితే పది నిమిషాల్లో తెలుస్తుంది.

9. పనులు, టెండర్లు, బిల్లులు

ప్రతి పనికీ వరుస ఇది: అవసరం గుర్తింపు, అంచనా, పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, టెండరు, ఒప్పందం, పని, ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) కొలతలు, నాణ్యత పరీక్ష, బిల్లు. వరుస తప్పిన చోటల్లా తర్వాత విచారణ వస్తుంది.

పెద్ద పనిని ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను టెండరు పరిమితికి లోపల ఉంచి నామినేషన్ మీద, అంటే టెండరు లేకుండా, ఇప్పించమని ఒత్తిడి వస్తుంది. తరచుగా సొంత పార్టీ వారి నుంచే వస్తుంది. ఒప్పుకోవద్దు, ఒకే వీధికి ఒకే నెలలో మూడు అంచనాలు కనిపిస్తే వాటిని కలిపి మళ్లీ తెమ్మని వెనక్కి పంపండి.

రోడ్డు వేసే ముందు ఆ వీధిలో నీటి పైపు, కాలువ పనులు పూర్తయ్యాయని ఏఈ సంతకం తీసుకోండి. కొత్త సిమెంటు రోడ్డును నెల తిరగకుండా పైపు కోసం తవ్వడం కంటే ప్రజలకు కోపం తెప్పించే దృశ్యం లేదు. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోతే ఇళ్లు పల్లమై, వాన నీరు గడప దాటుతుందని కూడా మరవవద్దు.

శంకుస్థాపన శిలాఫలకం మీద ఎవరి పేరు ముందు, ఎవరిది తర్వాత అనే తగవులు ఈ పదవిలో తప్పవు. ప్రోటోకాల్ జాబితాను కమిషనర్ చేత ముందే రాయించి ఎమ్మెల్యే కార్యాలయానికి పంపితే కొబ్బరికాయ కొట్టేచోట గొడవ ఉండదు.

10. స్థలాలు, కట్టడాలు, వీధి వ్యాపారులు

భవన అనుమతులు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే వస్తాయి. తెలంగాణలో 2020 చట్టంతో స్వీయ ధ్రువీకరణ పద్ధతి వచ్చింది. చైర్‌పర్సన్ సిఫారసుకు అందులో చోటు లేదు. మీరు చూడవలసింది లేఔట్లలో పార్కు కోసం వదిలిన ఖాళీ స్థలం. దానికి మున్సిపాలిటీ పేరిట గిఫ్ట్ డీడ్ (దానపత్రం) రిజిస్టరైందా, కంచె ఉందా, బోర్డు ఉందా అన్నవి జాబితా కట్టించండి. కంచె లేని స్థలం ఐదేళ్లలో ఎవరిదో అవుతుంది.

తోపుడు బండ్లను ఒక ఉదయం జేసీబీతో తొలగించే ముందు 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం చదవాలి. సర్వే పూర్తిచేసి ధ్రువపత్రాలు ఇచ్చేవరకు తొలగించకూడదు. కమిషనర్ అధ్యక్షతన పట్టణ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. ఆ కమిటీ మీ పట్టణంలో చివరిసారి ఎప్పుడు కూర్చుందో అడగండి.

11. ప్రజల ఫిర్యాదులు

రోజూ ఉదయం గంటన్నర, నిర్ణీత చోట, ముందస్తు అనుమతి లేకుండా ఎవరైనా కలిసే వీలు ఉండాలి. ప్రతి ఫిర్యాదుకూ సంఖ్య, రశీదు ఇవ్వాలి. శుక్రవారం ఆ వారపు ఫిర్యాదుల్లో పరిష్కారమైనవిగా చూపినవాటిలో ఐదింటికి మీరే ఫోను చేసి "పని అయిందా అమ్మా?" అని అడగండి. "పరిష్కరించబడినది" అని ముద్ర వేసిన కాగితాల్లో ఎన్ని నిజమో అప్పుడు తెలుస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయాలు, తెలంగాణలో చట్టం చెప్పిన వార్డు కమిటీలు ఉన్నాయి. తెలంగాణ చట్టం ప్రకారం ఒక్కో వార్డుకు యువకులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు, ఒక్కొక్క దానిలో 15 మంది ఉండాలి. కాగితం మీద మాత్రమే ఉన్న కమిటీలను కూర్చోబెట్టగలిగితే సగం ఫిర్యాదులు మీ దాకా రావు.

12. ఏడాది పొడవునా గుర్తుంచుకోవలసినవి

- ఏప్రిల్, మే: పన్ను రాయితీ ప్రచారం, కాలువల పూడికతీత, ట్యాంకర్ల ఏర్పాటు, ప్రతి ట్యాంకరుకూ ట్రిప్పుల పుస్తకం
- జూన్: నైరుతి వానలకు ముందు ఓవర్‌హెడ్ ట్యాంకుల శుభ్రత, పల్లపు ప్రాంతాల్లో మోటార్లు, పాత భవనాలకు నోటీసులు
- జూలై నుంచి అక్టోబరు: దోమల లార్వా నివారణ. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు కనుక వారానికో రోజు నీటి తొట్లు ఖాళీ చేయించాలి. పొగ వదలడం ఒక్కటే చాలదు
- నవంబరు, డిసెంబరు: తీర ప్రాంతంలో తుపానుల సన్నద్ధత, రెండో అర్ధ సంవత్సరం పన్ను వసూలు
- జనవరి నుంచి మార్చి: బడ్జెట్ చర్చ, వినియోగ ధ్రువపత్రాలు, వేసవి నీటి ప్రణాళిక

13. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దే దారి

కమిషనర్‌తో బహిరంగ వివాదం. పత్రికల వారి ముందు మాట్లాడే ముందు అదే విషయం లేఖగా రాయండి. మూడు లేఖలకు జవాబు రాకపోతే కౌన్సిల్‌లో చర్చకు పెట్టండి, ఆ తర్వాత మున్సిపల్ పరిపాలన డైరెక్టరేట్‌కు పంపండి.

సొంత వార్డుకే నిధులు. జనాభా, లోటుపాట్ల ఆధారంగా వార్డులకు పంపిణీ సూత్రం ఒకటి తయారు చేసి తీర్మానంగా ఆమోదింపజేయండి. తర్వాత ఒత్తిడి వచ్చినప్పుడు సూత్రాన్ని చూపించవచ్చు.

అందం ముందు, అవసరం తర్వాత. స్వాగత తోరణం, కూడలిలో ఫౌంటెన్ త్వరగా కనిపిస్తాయి కనుక వాటి మీద మోజు సహజం. ఫౌంటెన్‌కు నెలనెలా విద్యుత్ బిల్లు, మరమ్మతు ఖర్చు ఎంతో అంచనాలో రాయించండి. చాలా ప్రతిపాదనలు అక్కడే ఆగుతాయి.

సమాచార హక్కు దరఖాస్తును శత్రుత్వంగా చూడడం. 30 రోజుల గడువు ఎలాగూ తప్పదు. పనుల జాబితా, బిల్లులు, తీర్మానాలు నోటీసు బోర్డులోనూ, వెబ్‌సైట్‌లోనూ ముందే ఉంచితే దరఖాస్తులే తగ్గుతాయి.

14. చివరి ఏడాది

ఎన్నికల ప్రవర్తనా నియమావళి అమల్లోకి వచ్చాక కొత్త పనులు ప్రకటించడం, శంకుస్థాపనలు చేయడం కుదరదు. అంతకు ఆరు నెలల ముందే నడుస్తున్న పనులను లెక్కగట్టి, పూర్తి చేయగలిగినవాటికే బిల్లు మొత్తాన్ని పక్కన పెట్టించండి. చివరి రెండు సమావేశాల్లో వందల అంశాలు ఆమోదించే తొందర కనిపిస్తుంది. పదవి దిగాక విజిలెన్స్ నోటీసులు వచ్చేది ఎక్కువగా ఆ తీర్మానాల మీదే.

కాలం ముగిసేలోగా సిద్ధంగా ఉంచవలసినవి:

- అమలు కాని తీర్మానాల పట్టిక, కారణాలతో
- పెండింగ్ బిల్లులు, నడుస్తున్న కోర్టు కేసులు
- కంచె వేసిన, వేయవలసిన స్థలాల జాబితా
- మీ వార్డు పర్యటనల పుస్తకం ప్రతి
- కార్యాలయం మీకు ఇచ్చిన వాహనం, ఫోను, సామగ్రి తిరిగి అప్పగించినట్టు రశీదు